మా తాత కొలిమిని మళ్లీ వెలిగించవచ్చా? కోనసముద్రం ఉక్కుతో దానికి సంబంధం ఉందా?

ప్రశ్న: కొలిమిగడప

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. మా తాత ఆ ఊరికి కమ్మరి. ఆయన పోయిన తరువాత మా చిన్నాయన కొన్నేళ్లు కొలిమి నడిపి, పని తగ్గిపోవడంతో ఆపేసి, ఇప్పుడు మండల కేంద్రంలో ఒక వెల్డింగు దుకాణానికి పనికి పోతున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాను. చిన్నప్పుడు కొలిమికి గాలి ఊదే పంఖా తిప్పడం తప్ప కులవృత్తిలో నాకు ఏ పనీ రాదని ముందే ఒప్పుకుంటున్నాను.

మొన్న దసరాకు ఆయుధపూజ కోసం కొలిమి కొట్టం తెరిచినప్పుడు దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మ), రెండు సమ్మెటలు, నాలుగు పట్టుకారులు, కొన్ని ఉలులు, ఒక చేతి పంఖా దుమ్ములో కనిపించాయి. తాత కాలపు తోలు తిత్తికి చెక్కలు మాత్రమే మిగిలాయి, తోలును ఎలుకలు ఎప్పుడో తినేశాయి. పాత ఇనుము కొనేవారు వచ్చి దాగలిని కిలోల లెక్కన అడిగితే చిన్నాయన ఆ మాట పూర్తి కానివ్వలేదట. ఆ సంగతి చిన్నమ్మ చెప్పినప్పటినుంచి ఈ కొలిమిని మళ్లీ వెలిగించాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

నేను తెలుసుకోగోరేవి మూడు ఉన్నాయి. మెలికల గీతలతో పేరుపడ్డ డమాస్కస్ కత్తులకు ఉక్కు మా పక్కనున్న కోనసముద్రం నుంచే పోయిందనీ, మా తాతముత్తాతలు చేసింది ఆ ఉక్కేననీ మా బంధువులు చెప్పుకుంటారు, అందులో నిజమెంత? ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చిన తరువాత ఊరి కొలిమికి నిజంగా మిగిలిన పని ఏమిటి? కొట్టంలో ఉన్న సామానుతోనే మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకా ఏమేమి సమకూర్చుకోవాలి, ప్రభుత్వ పథకం ఏదైనా అక్కరకు వస్తుందా? తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

సమాధానం: చిట్టెపురాయి

కొలిమిగడప గారికి నమస్కారం. లోహశాస్త్రం చదువుకుని, ఉద్యోగ విరమణ తరువాత మీ ప్రాంతపు చిట్టెం (ఇనుము తీయగా మిగిలిన మడ్డి) దిబ్బల చుట్టూ తిరిగినవాడిని గనుక మీ మొదటి ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పగలను.

కోనసముద్రం గురించి మీరు విన్నది కట్టుకథ కాదు. ఆ ఊరు నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో, అంటే మీకు కూతవేటు దూరంలోనే ఉంది. దక్షిణ భారతాన్ని కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820ల మొదట్లో అక్కడికి వెళ్లి, ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిన వర్ణన, ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుములను కలిపి మూసలో, అంటే కరిగించే మట్టి పాత్రలో పెట్టి, మూత బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ గాలి ఊదుతూ కరిగించేవారని, ఆ ఉక్కును కొనుక్కుపోవడానికి ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకులు అంత దూరం వచ్చి అక్కడే ఉండి బేరం చేసేవారని ఆయన రాశాడు. ఆ రెండు ఇనుములలో ఒకటి మీ మెట్‌పల్లి వైపు నుంచి వచ్చినదే. దానికి నూటయాభై ఏళ్లకు ముందే, గోల్కొండ రాజ్యపు ఉక్కు పారశీకానికి పోయి మెలికల గీతలున్న కత్తులుగా మారుతున్నదని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషువారి నోట ‘వూట్జ్’ అయిందని ఎక్కువమంది పండితులు భావిస్తారు. ఆ పేరుతోనే 1795లో లండన్ రాయల్ సొసైటీలో దాని మీద పత్రం చదివారు, 1819 తరువాత మైకేల్ ఫారడే అంతటివాడు దాని గుట్టు విప్పబోయాడు.

ఇంతవరకు మీ బంధువుల మాట నిలుస్తుంది. అక్కడినుంచి మీ తాత దాకా గీత గీయడంలోనే చిక్కు ఉంది. పాతకాలపు ఇనుప పరిశ్రమ ఒకే చేతిలో ఉన్నది కాదు. ఖనిజం నుంచి ఇనుమును రాబట్టేవారు వేరు, ఆ ఇనుమును మూసలో ఉక్కుగా మార్చేవారు వేరు, ఆ సరుకుతో రైతుకు పనిముట్టు చేసిపెట్టే ఊరి కమ్మరి వేరు. మొదటివారిని మీ వైపు ముద్ద కమ్మరులు అంటారు. ఆ బట్టీలో ఇనుము కరిగి కారేది కాదు, మలినాలు చిట్టెంగా కారిపోగా మెత్తటి ముద్దగా అడుగున దిగేది; పేరులోనే పని ఉంది. వారు కొలిచిన మమ్మాయి దేవత గుళ్లు చిట్టెం దిబ్బల పక్కన ఇప్పటికీ కనిపిస్తాయి. మూసలో చేసిన ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉండేది. అంత కర్బనమున్న ఉక్కును కాస్త ఎక్కువ కాల్చి కొడితే పెళుసు బెల్లంలా రాలిపోతుంది. అది కత్తికీ కవచానికీ సరిపోతుంది గాని, రాళ్లలో దిగే నాగటి కర్రుకు పనికిరాదు. దాని వెల కూడా రైతు మోయగలిగినది కాదు.

కాబట్టి మీ తాత చేసింది డమాస్కస్ ఉక్కు అయ్యే అవకాశం దాదాపు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి చవక ఇనుము దిగుమతి కావడం, బొగ్గుకోసం అడవిలో కట్టె కొట్టడానికి ఆంక్షలు రావడంతో బట్టీలు చల్లారిపోయాయి. ఊరి కమ్మరి మాత్రం బజారులో దొరికే పట్టీ ఇనుము కొనుక్కుని తన పని తాను చేసుకుపోయాడు. బట్టీ పోయినా కొలిమి మరో వందేళ్లు నిలిచిందంటే, ఆ రెండింటి బతుకుదారులు వేరన్నది అర్థమవుతుంది. కోనసముద్రం కీర్తిని తెచ్చి మీ కొట్టం గోడకు తగిలించవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. దాని విలువ దానికి ఉంది, అది ఏమిటో పనిచేసినవారు చెబితేనే బాగుంటుంది.

ఒక చిన్న సూచన. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ చెలకల్లో నల్లగా, ఒక పక్క గాజు పూత పూసినట్లు మెరిసే మట్టి పెంకులు దొరికితే పారేయకండి. మట్టిలో వరి ఊక కలిపి చేసిన మూసల ముక్కలు అవి. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి సర్వే చేసినప్పుడు ఇటువంటి పెంకులే దారి చూపాయి.

సమాధానం: గుంటకపాస

అన్నగారూ, మాది అనంతపురం జిల్లా. నాన్నగారు, నేను ఇద్దరమూ ఇప్పటికీ కొలిమి మీదే బతుకుతున్నాము గనుక మీ రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నలో సగానికీ నేను రాస్తాను. చిట్టెపురాయి గారు చెప్పిన చరిత్ర నాకు తెలియదు, కానీ ఆయన చివర అన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

చాలామంది కొలిమి అంటే కొత్త పనిముట్లు తయారుచేసే చోటు అనుకుంటారు. మా ఇంట్లో కొత్త వస్తువు చేయడం నెలకు నాలుగైదుసార్లు జరిగితే ఎక్కువ. మిగిలినదంతా అరిగినదాన్ని సాగదీయడం, మొద్దుబారినదానికి పదును పెట్టడం, విరిగినదాన్ని అతకడం. నాగటి కర్రు దున్నేకొద్దీ అరిగి పొట్టిదవుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి మొనను సాగగొట్టాలి, మరీ పొట్టిదైతే కొత్త ముక్క అతకాలి. గుంటక పాస (గుంటకకు ఉండే ఇనుప పలక) అంచు పోతుంది, కొడవలి కక్కు (పళ్లు) అరుగుతుంది, గొడ్డలి నోరు చితుకుతుంది. రైతు తన వస్తువును తెచ్చి ముందు పెట్టుకుని కూర్చుంటాడు, పని అయ్యాక అదే వస్తువును పట్టుకుపోతాడు. వానకారు మొదలయ్యే ముందు, మీ వైపు మిరుగం అంటారు కదా, ఆ పదిహేను రోజులు మా కొలిమి ముందు నిలబడే చోటు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ పనిలో ఏది పోయిందో, ఏది మిగిలిందో చెబుతాను. వరి కోసే యంత్రం కొడవలి పనిని చాలావరకు తినేసింది. బండి చక్రానికి పట్టా వేసే పని, అంటే మా తాత అన్నిటికన్నా ఇష్టంగా చేసిన పని, ఎడ్లబండితోపాటే పోయింది. ఆ పని చూడనివారి కోసం రెండు మాటలు రాయనివ్వండి. చక్రం కన్నా కావాలనే కొద్దిగా చిన్నదిగా ఇనుప కట్టు చేసి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు ఉంటుంది. 500 డిగ్రీలు వేడెక్కితే ఆ కట్టు మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నలుగురు నాలుగు పట్టుకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, చెక్క అంటుకునేలోగా నీళ్లు గుమ్మరిస్తే, అది ముడుచుకుని చక్రపు ఆకులన్నిటినీ (చువ్వలను) బిగించి పట్టేస్తుంది. మేకు అవసరం లేదు. ఎంత తగ్గించి కట్టు చేయాలన్నది తాత జానెడు పుల్లతో కొలిచేవాడు, కాగితం మీద లెక్క ఎప్పుడూ వేయలేదు.

మిగిలిన పనుల సంగతికి వస్తే, రాళ్లు కొట్టేవారి ఉలులు, బావులు తవ్వేవారి గునపాలు, గడ్డపారలు, మేకలవారి గొడ్డళ్లు, కొమ్మకత్తులు, కొబ్బరికాయల అంగళ్ల కత్తులు, మాంసం అంగళ్ల కత్తులు, కూరగాయల తోటలవారి తొలికలు, ట్రాక్టరు కల్టివేటరు పళ్లు మాకు వస్తున్నాయి. కల్టివేటరు పళ్లు కొత్తవి బజారులో దొరుకుతాయి గాని, అరిగినదానికి లారీ కమాన్ పట్టీ (స్ప్రింగు పట్టీ) ముక్క అతికించి మొన చేసిపెడితే రైతుకు సగం ఖర్చు మిగులుతుంది. రాతి ఉలికి పదును పెట్టడం ఒక్కటే మా ఇంటికి ఏడాది పొడుగునా పని ఇస్తున్నది. మీ జిల్లాలో గ్రానైటు క్వారీలు ఉన్నాయి గనుక ఆ దారిని తప్పక చూడండి.

ఇక సామాను. మీ దగ్గర దాగలి ఉన్నదంటే అసలైనది ఉన్నట్లే. లేనివారు రైలు పట్టా ముక్కతో సరిపెట్టుకుంటారు, అయితే రైల్వే సరుకును రసీదు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం అవుతుంది, ఆ తలనొప్పి తెచ్చుకోకండి. తోలు తిత్తి జోలికి పోవద్దు; ఉన్న చేతి పంఖాకు బేరింగులు మార్చి నూనె పోస్తే నడుస్తుంది, కరెంటు బ్లోయరు పెట్టుకుంటే ఒక మనిషి పని తగ్గుతుంది. బ్లోయరు పెట్టినప్పుడు గాలిని తగ్గించే మూత తప్పనిసరిగా ఉండాలి. గాలి ఎక్కువైతే బొగ్గు వృథా అవడమే కాక, ఇనుము మీద పెచ్చులు లేచి, కర్బనం కాలిపోయి, పైకి కొత్తగా కనిపించే కత్తి లోపల ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చేతి పంఖాతో ఆ ప్రమాదం తక్కువ. మా నాన్నగారు అందుకే చిన్న కత్తులకు ఇప్పటికీ కరెంటు కట్టేసి పంఖానే తిప్పిస్తారు.

బొగ్గుకు తుమ్మ మంచిది. మాకు సర్కారు తుమ్మ బొగ్గు విరివిగా దొరుకుతుంది, అది చిటపటలాడినా వేడి బాగా ఇస్తుంది.

ఇనుము గురించి ఒక హెచ్చరిక. ఇళ్ల కప్పులకు వాడే సలాకలతో కత్తి చేస్తే ఎన్నిసార్లు నీళ్లలో ముంచినా గట్టిపడదు, అందులో కర్బనం చాలదు. లారీ కమాన్ పట్టీ, పాత ఆకురాయి, ఇటువంటివి పనికివస్తాయి. అనుమానం ఉంటే సానకు పట్టి నిప్పురవ్వలు చూడండి: మెత్తటి ఇనుము పొడుగాటి గీతలు వదులుతుంది, ఉక్కు రవ్వ చివర పువ్వులా విచ్చుకుంటుంది. జింకు పూత ఉన్న రేకుముక్కలను, పైపులను మాత్రం ఎప్పుడూ కొలిమిలో పెట్టకండి, ఆ తెల్లటి పొగ పీలిస్తే జ్వరంతో పడుకోవలసివస్తుంది.

పదును పెట్టడం రాతలో నేర్పేది కాదు గాని, చిన్నాయనగారికి తెలిసే ఉంటుంది, మీరు పక్కన ఉండి చూసేటప్పుడు అర్థం కావడానికి రాస్తున్నాను. వస్తువు ఎర్రబడి అయస్కాంతానికి అంటుకోని స్థితికి వస్తుంది, అది సుమారు 770 డిగ్రీలు. ఇంకొంచెం కాల్చి మొన మటుకు నీళ్లలో ముంచాలి. అప్పుడు అది గాజులా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంటుంది. దాన్ని రుద్ది తెల్లగా చేసి మళ్లీ మెల్లగా వేడి చేస్తే, గడ్డి రంగు, తరువాత గోధుమ రంగు, తరువాత ఊదా, నీలం వరుసగా మొన వైపు పాకుతాయి. కొడవలికి గడ్డి రంగు దాటగానే ఆపాలి, గొడ్డలికి ఊదా దాకా పోనివ్వాలి. కమాన్ పట్టీని చన్నీళ్లలో ముంచితే చాలాసార్లు చిట్లుతుంది, దానికి నూనె వాడండి. ఈ రంగులు ఎండలో కనబడవు. కొలిమి కొట్టాలు ఎప్పుడూ చీకటిగా ఎందుకు ఉంటాయని చిన్నప్పుడు అనుకునేవాడిని. నాన్నగారు కిటికీ మూసి పదును పెట్టడం చూశాక తెలిసింది.

వాన పడి నేల దున్నడానికి సరిపడా తేమతో ఉన్నప్పుడు కూడా మనం పదును అనే అంటాము కదా. రైతు నేల పదును చూసి మా దగ్గరికి పరుగెత్తుకొస్తాడు, మేము అతని కర్రు పదును చూస్తాము. రెండింటిలోనూ ఒక పూట ఆలస్యమైతే పని చెడుతుంది.

సమాధానం: పాతబడిపంతులు

గుంటకపాస గారి సమాధానం చదివి చాలా సంతోషించాను. అయితే లెక్కల విషయంలో కొంత కటువుగా మాట్లాడవలసి ఉంది, క్షమించాలి. నేనూ విశ్వబ్రాహ్మణ కుటుంబంలోనే, కరీంనగరు వైపు, పుట్టాను. మా నాన్న కమ్మరి, పెదనాన్న వడ్రంగి. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను.

కొలిమి నిలిచింది పనిమీద ఒక్కదాని మీదే కాదు, దాని వెనుక ఉన్న ధాన్యపు కట్టు మీద. మన వైపు బలుత అనీ, రాయలసీమ, కోస్తా వైపు మేర అనీ అంటారు. రైతు ఏడాది పొడుగునా కర్రులు కాల్పించుకుంటాడు, ఒక్కదానికీ డబ్బు ఇవ్వడు; కల్లంలో కుప్ప నూర్చినప్పుడు నాగళ్ల లెక్కన ఇంత అని ధాన్యం కొలుస్తాడు. కొత్త పనిముట్టు చేస్తే ఇనుము, బొగ్గు రైతువి, దానికి వేరే ప్రతిఫలం ఉండేది. ఈ ఏర్పాటులో కమ్మరికి కరువులోనూ నాలుగు గింజలు దక్కేవన్నది నిజమే. అయితే కల్లం దగ్గర చేట పట్టుకుని చివరిదాకా నిలబడవలసి రావడం, కొలిచేవాడి చేతివాటానికి నోరెత్తలేకపోవడం కూడా నిజమే. మా నాన్న సమ్మెట పట్టడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు, కల్లానికి పోవడానికి మాత్రం ప్రతి ఏడూ సిగ్గుపడేవాడు. నన్ను చదివించింది అందుకే.

ఇంకొక మాట. కొలిమిలో ఇద్దరు పనిచేస్తారు, ఊరు మాత్రం ఒక్కరి పేరే చెబుతుంది. మా ఇంట్లో తిత్తి గుంజినది, ఎదురు సమ్మెట వేసినది మా అమ్మ. నాన్న చిన్న సుత్తితో ఎక్కడ తడితే అక్కడ అమ్మ పెద్ద దెబ్బ పడాలి, అది ఒక అంగుళం పక్కకు పోతే పట్టుకారు పట్టిన చెయ్యి పోతుంది. నూరు కంసాలి దెబ్బలకు ఒక కమ్మరి దెబ్బ సమానమని సామెత చెప్పినవారు ఆ దెబ్బ ఎవరిదో చూసి ఉండరు. కొలిమిగడప గారు, మీరు చిన్నాయన వయసు, చిన్నాయన నేర్పు గురించే ఆలోచిస్తున్నారు. ఈ పనికి మీ చిన్నమ్మగారి భుజాలు సిద్ధంగా ఉన్నాయా అని ముందు ఆమెను అడగండి.

అందువల్ల నా సలహా ఏమిటంటే, వెల్డింగు పనిని మానిపించి కొలిమి పెట్టించకండి, వెల్డింగుకు పక్కన కొలిమి పెట్టించండి. వెల్డింగు చేసేవాడికి అతకడం వస్తుంది, పదును పెట్టడం రాదు. కమ్మరికి రెండూ వస్తే గిరాకీ పదును కోసం వచ్చి అతుకు పని కూడా ఇచ్చిపోతుంది. ధర ముందే చెప్పి చేతికి డబ్బు తీసుకోవాలి. బంధుత్వం, ఊరివాడు అన్న మొగమాటంతో పాత బలుత పద్ధతిలోకి జారితే ఆరు నెలలకు కొట్టానికి మళ్లీ తాళం పడుతుంది.

పథకాల గురించి అడిగారు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, కమ్మరి పని వాటిలో ఒకటి. 18 ఏళ్లు నిండి, ఆ వృత్తిని సొంతంగా చేతితో చేస్తున్నవారికే అర్హత ఉంది గనుక మీరు కాదు, మీ చిన్నాయన దరఖాస్తు చేయాలి. ఒక కుటుంబంలో ఒక్కరికే వస్తుంది, ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి రాదు. ఉమ్మడి సేవా కేంద్రంలో (సీఎస్‌సీలో) ఆధార్‌తో నమోదు చేసుకుంటే, మొదట గ్రామపంచాయతీ, తరువాత జిల్లా కమిటీ, ఆపైన మరో కమిటీ పరిశీలిస్తాయి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది, దానికి రోజుకు 500 రూపాయల భత్యం ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయల విలువైన వోచరు వస్తుంది. హామీ లేకుండా మొదట లక్ష రూపాయల దాకా 18 నెలల గడువుతో, అది సక్రమంగా తీర్చినవారికి తరువాత రెండు లక్షల దాకా 30 నెలల గడువుతో, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. మా మేనల్లుడు దరఖాస్తు చేసినప్పుడు నమోదు చేసినవారు వృత్తి గడిలో కమ్మరికి బదులు వడ్రంగి అని కొట్టారు. అది సరిదిద్దుకోవడానికి మూడు నెలలు తిరిగాడు. తెరమీద ఏమి పడిందో బొటనవేలు పెట్టకముందే చదవండి. అప్పు మాత్రం మొదటి ఏడాది తీసుకోవద్దని నేనంటాను, 15,000 సామానుతో, ఉన్న దాగలితో పని నడుస్తుందో లేదో ముందు చూడండి.

ప్రశ్న అడిగినవారు: కొలిమిగడప

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూసలో ఉక్కు చేసినవారు, మా తాత ఒకటి కాదని చదివినప్పుడు మొదట కొంచెం వెలితిగా అనిపించిన మాట నిజం. ఆ పేరాను చిన్నాయనకు చదివి వినిపిస్తే ఆయన నవ్వి, “కత్తులు చేసినవాళ్లను రాజులు పోషించిన్రు, మనను ఊరు పోషించింది” అన్నారు. పంతులు గారి సమాధానం చదివి వినిపించినప్పుడు మాత్రం నవ్వలేదు. చిన్నమ్మ పక్కనే ఉండి అంతా విన్నది. రోజంతా సమ్మెట వేయడం ఇక తనవల్ల కాదనీ, ఉలుల పదునుకు, చిన్న కత్తులకు అయితే వచ్చి పంఖా తిప్పుతాననీ ఖరాఖండిగా చెప్పింది.

కాబట్టి పెద్ద పనులు పెట్టుకోకుండా రాతి ఉలులు, గడ్డపారలు, కత్తుల పదునుతో మొదలుపెట్టాలని అనుకున్నాము. వెల్డింగు దుకాణం యజమాని వెనుక రేకుల కొట్టం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దానికి మూడు వైపులా గోడ ఉంది, కప్పు ఎత్తు ఎనిమిది అడుగులే, కిటికీ లేదు. గుంటకపాస గారు చీకటి మంచిదన్నారు గనుక అది సరిపోతుందా? దాగలిని నేలలో ఎలా పాతాలో కూడా దయచేసి చెప్పండి, మా పాత కొట్టంలో అది ఏదో మొద్దు మీద ఉంది.

సమాధానం: గుంటకపాస

అన్నగారూ, చీకటి వేరు, మూత వేరు. బొగ్గు కాలేటప్పుడు కంటికి కనబడని, వాసన లేని విషవాయువు వస్తుంది. మూడు గోడల మధ్య తక్కువ కప్పు కింద అది పేరుకుపోతే తల తిరిగి పడిపోయేదాకా తెలియదు. కొలిమికి సరిగ్గా పైన కప్పులో ఒక చిమ్నీ గొట్టం పెట్టించండి, నాలుగో వైపు తెరిచే ఉంచండి. వెలుతురు ఎక్కువైతే ఆ వైపు గోనెపట్టా కట్టుకుని, పదును పెట్టే ఆ కాసేపు మాత్రం దించితే చాలు. వెల్డింగు గ్యాసు సిలిండర్లు ఆ కొట్టం దరిదాపుల్లో ఉండకూడదు, ఈ మాట యజమానికి మీరే గట్టిగా చెప్పండి.

దాగలికి తుమ్మ మొద్దుగాని చింత మొద్దుగాని వాడండి. రెండడుగులు నేలలో పాతి, చుట్టూ మట్టి, చిన్న రాళ్లు వేసి గట్టిగా దిమ్మిస కొట్టాలి. చిన్నాయనగారు నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు పిడికిలి దాగలి పైభాగానికి తగలాలి, అదే సరైన ఎత్తు. కూర్చుని పనిచేసే అలవాటు ఉన్నవారైతే మొద్దును ఇంకా లోపలికి దించాలి, ఆయన్ను కూర్చోబెట్టి కొలవండి.

సమాధానం: చిట్టెపురాయి

గుంటకపాస గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఇన్నేళ్లు పక్కన పడి ఉన్న దాగలి మీద మొదటి రోజే పెద్ద దెబ్బలు వేయించకండి. చిన్న సుత్తితో అన్నివైపులా తట్టి వినండి. గంటలా ఖంగుమంటే పగులు లేదు, ఎక్కడైనా బొదబొదమంటే ఆ మూలను వదిలేసి పనిచేయాలి. గ్రానైటు పనివారు వాడే ఉలులలో ఇప్పుడు చాలావాటికి మొనలో టంగ్‌స్టన్ కార్బైడు ముక్క అతికించి ఉంటుంది. వాటిని కొలిమిలో కాలిస్తే అతుకు కరిగి ముక్క ఊడిపోతుంది, ఉలి తెచ్చినవారికి మీరు పరిహారం కట్టవలసివస్తుంది. మొన రంగు తక్కిన కడ్డీకి భిన్నంగా, ఇత్తడి గీతతో అతికినట్లు కనిపిస్తే ఆ ఉలిని తిప్పి పంపండి.

ప్రశ్న అడిగినవారు: కొలిమిగడప

దాగలిని తట్టి చూశాము, ఒక మూల తప్ప ఖంగుమన్నది. ఆ మూల తాత కాలంలోనే పోయిందని, అందుకే ఆయన ఎప్పుడూ ఇటువైపు నిలబడేవాడని చిన్నాయన చూపించారు. ఈ వారం అమావాస్య ఉన్నందున ఆ రోజు మా ఇంట్లో నిప్పు పెట్టరు. అది వెళ్లిన మరునాడు మొద్దు పాతుతాము. మొదటి గిరాకీ కూడా కుదిరింది, పక్క ఊరి బావి పనివారివి పదకొండు గడ్డపారలు.

సమాధానం: గుంటకపాస

పదకొండూ ఒకే రోజు ఒప్పుకోకండి అన్నగారూ. చెయ్యి మరిచిన మొదటి రోజు నాలుగు చాలు. ఒకదాన్ని పదును పెట్టి రాయి మీద పది పోట్లు వేసి చూసిన తరువాతే రెండోదాన్ని నిప్పులో పెట్టమనండి. మొన వంగితే కాల్పు చాలలేదు, పెచ్చు ఊడితే రంగు పాకనివ్వలేదు.